లేజర్ స్కానర్ల స్వయంచాలిత క్రమాంకనం: యంత్రానికి వదలదగినదెంత?

కల్లంలో ధాన్యం తూచే ముందు రైతు తక్కెడను ఒకసారి ఖాళీగా ఎత్తించి చూసేవాడు. ముల్లు నడుమ నిలిస్తే సరి. లేకుంటే తేలిక పళ్లెంలో పాసంగం వేయించి, ముల్లు నిలిచిన తరువాతనే గింజలు పోయనిచ్చేవాడు. నేడు మార్కెట్ యార్డులలో ఎలక్ట్రానిక్ కాటాలు వచ్చాయి. 2009 నాటి తూనికలు, కొలతల చట్టం ప్రకారం వాటిని నియత కాలాలలో తనిఖీ చేసి ముద్ర వేస్తారు. ముద్ర లేని కాటాపై తూచడం నేరం. అయితే ఆ కాటాపైకి వచ్చే గింజ ఏ వంగడానిది కావాలో నిర్ణయించిన పరిశోధన క్షేత్రంలోని పరికరానికి ఎవరు ముద్ర వేశారు? కొన్ని క్వింటాళ్ల తూకంలో జరిగే పొరపాటు ఒక రైతును, ఒక రోజున నష్టపరుస్తుంది. వంగడాల ఎంపికలో జరిగే పొరపాటు ఎందరిని, ఎన్నేళ్లపాటు నష్టపరుస్తుందో లెక్కకట్టడం కూడా కష్టమే. అయినా మన ప్రయోగశాలలలో, ప్రయోగ క్షేత్రాలలో క్రమాంకనం అన్నది పరికరం కొన్నప్పుడు జరిగే ఒక వేడుకగా మాత్రమే మిగిలిపోతున్నదని చెప్పక తప్పదు.

మొక్కల ఎత్తు, ఆకుల విస్తీర్ణం, పందిరి దట్టత వంటి లక్షణాలను మొక్కను తాకకుండా, కోయకుండా కొలిచే లేజర్ స్కానర్లు ఇప్పుడు మనకు కొత్త కావు. పటాన్‌చెరులోని ఇక్రిశాట్‌లో నెలకొల్పిన ‘లీజీస్కాన్’ వేదిక ఇందుకు మన ముంగిట ఉన్న ఉదాహరణ. అక్కడ మొక్కలు స్కానర్ వద్దకు పోవు. స్కానరే మొక్కల మీదుగా ప్రయాణిస్తుంది. త్రాసులపై ఉంచిన తొట్ల ద్వారా మొక్క వదిలే నీటిని కూడా అదే సమయంలో తూచవచ్చు. ఇటువంటి వ్యవస్థలు, వీటికంటె చిన్నవి, చౌకైనవి, రాబోయే సంవత్సరాలలో వ్యవసాయ విశ్వవిద్యాలయాలకు మరిన్ని వస్తాయి. వాటితోపాటు ‘ఇది తనను తానే క్రమాంకనం చేసుకుంటుంది’ అనే అమ్మకందారు హామీ కూడా వస్తుంది. ఈ వ్యాసం ఆ హామీ గురించి. నియమిత స్వయంచాలిత క్రమాంకనం అత్యవసరమని నా నిశ్చితాభిప్రాయం. అయితే అది మౌనంగా జరగరాదన్నది అంతకంటె గట్టి అభిప్రాయం.

ముందుగా ఈ పరికరాలు ఎందువల్ల జారిపోతాయో చూద్దాం. మొక్కలపై వాడే స్కానర్లలో ఎక్కువ భాగం త్రిభుజీకరణ సూత్రంపై పనిచేస్తాయి. పైనుంచి లేజర్ ఒక సన్నని గీతను మొక్కపై వేస్తుంది. కొంత దూరంలో ఏటవాలుగా అమర్చిన కెమెరా ఆ గీతను చూస్తుంది. ఆకు ఎత్తుగా ఉంటే గీత ఒక వైపుకు, పల్లంగా ఉంటే మరొక వైపుకు జరిగినట్లు కెమెరాకు కనిపిస్తుంది. ఆ జరుగుదలనుంచి ఎత్తును గణిస్తారు. అంటే పరికరం నిజంగా కొలిచేది ఎత్తును కాదు, కోణాన్ని. లేజరుకు, కెమెరాకు మధ్య దూరం 300 మి.మీ., మొక్క 1 మీటరు దిగువన ఉన్నదనుకుందాం. కెమెరా కోణం ఒక డిగ్రీలో నూరవ వంతు మారితే, గణించిన ఎత్తు సుమారు 0.6 మి.మీ. మారుతుంది. మొక్క 2 మీటర్ల దిగువన ఉంటే అదే కోణదోషం దాదాపు 2.4 మి.మీ. తేడా తెస్తుంది. దూరం రెట్టింపైతే దోషం నాలుగు రెట్లు అవుతున్నదన్నమాట. కనుక పరికరం కరపత్రంలో ముద్రించిన ఖచ్చితత్వం ఏ దూరం వద్దనో చెప్పకుంటే ఆ సంఖ్యకు అర్థం లేదు.

డిగ్రీలో నూరవ వంతు మారడానికి పెద్ద ప్రమాదమేమీ జరగనక్కర లేదు. లేజరును, కెమెరాను మోసే అల్యూమినియం దండెం 50 మి.మీ. మందం ఉన్నదనుకుంటే, పైభాగంలో ఎండ పడి అడుగు భాగానికంటె 5 డిగ్రీల సెల్సియస్ ఎక్కువ వేడెక్కినప్పుడు అది విల్లులా స్వల్పంగా వంగుతుంది. 300 మి.మీ. పొడవుకు ఆ వంపు సుమారు 0.04 డిగ్రీ. పైన చెప్పిన లెక్క ప్రకారం 1 మీటరు దూరంలో ఇది 2.5 మి.మీ. ఎత్తుకు సమానం. పొట్టు తీసి చూపగల విరుగుడు దీనికి లేదు. లోహం ఉన్నంతకాలం వ్యాకోచం ఉంటుంది. లేజర్ డయోడుకు మరో గుణం ఉన్నది. ఉష్ణోగ్రత ఒక డిగ్రీ పెరిగితే దాని తరంగదైర్ఘ్యం సుమారు 0.3 నానోమీటరు పెరుగుతుంది. ఎండవెలుగును అడ్డుకోవడానికి కెమెరా ముందు సన్నని పట్టీని మాత్రమే అనుమతించే వడపోత గాజును పెడతారు. ఉదయానికి, మధ్యాహ్నానికి మధ్య 20 డిగ్రీల తేడా వస్తే లేజర్ రంగు 6 నానోమీటర్లు జరిగి, ఆ పట్టీ అంచుకు చేరవచ్చు. అప్పుడు గీత మసకబారుతుంది, కొన్ని బిందువులు నమోదు కావు, ఆకు విస్తీర్ణం ఉన్నదానికంటె తక్కువగా కనిపిస్తుంది. ఎక్కడా ఏదీ విరగలేదు, ఏ హెచ్చరికా రాలేదు.

మనకు నిజమైన చిక్కు ఇక్కడే. పరికరం జారుడుకు ఇరవైనాలుగు గంటల లయ ఉన్నది. మొక్కకూ అదే లయ ఉన్నది. వేరుశనగ ఆకులు రాత్రి ముడుచుకుంటాయి. పైనుంచి చూసే స్కానరుకు రాత్రిపూట ఆకు విస్తీర్ణం తగ్గినట్లు కనిపించడం సహజం. మధ్యాహ్నపు ఎండలో నీటి ఎద్దడికి లోనైన జొన్న ఆకు చుట్టుకుంటుంది. అదీ విస్తీర్ణంలో తగ్గుదలగానే నమోదవుతుంది. ఈ కదలికలలో మనకు కావలసిన శరీరధర్మ సమాచారం ఉన్నది. కాని అదే మధ్యాహ్నం దండెం వంగి, లేజర్ రంగు జరిగి, ఆ కారణంగా కూడా విస్తీర్ణం తగ్గినట్లు వస్తే, ఏది మొక్కదో ఏది యంత్రానిదో గ్రాఫును చూసి చెప్పగలవారు లేరు. ముడుచుకోని, చుట్టుకోని, పెరగని ఒక వస్తువు స్కానర్ దారిలో ఉండి, ప్రతి ప్రయాణంలోనూ మొక్కలతోపాటు తానూ కొలతకు లోనైతేనే ఆ రెండింటినీ విడదీయగలం. స్వయంచాలిత క్రమాంకనానికి మూలాధారం ఈ ప్రామాణిక వస్తువే. మెట్లు మెట్లుగా చెక్కిన ఒక లోహపు దిమ్మె, మధ్య దూరం తెలిసిన రెండు గోళాలు, వెలుగు తీవ్రతకు ఒక బూడిదరంగు పలక ఉంటే చాలావరకు పని జరుగుతుంది. మెరుపు లేని పూత వేయాలి. ఇందులో దిగుమతి చేసుకోవలసినది ఏదీ లేదు. స్థానిక వర్క్‌షాపులో దిమ్మెను చేయించి, గుర్తింపు పొందిన ప్రయోగశాలలో కొలిపించి, న్యూఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల ప్రమాణాలతో ముడిపడిన ధ్రువపత్రం తీసుకుంటే, ఆ దిమ్మెకు ఉండే విలువ స్కానర్‌తో వచ్చే మెరుపు కాగితాలకు ఉండదు.

ఇంతవరకు ఎవరూ కాదనరు. ఇకముందు చెప్పేదానితో కొందరు ఏకీభవించకపోవచ్చు.

కొన్నేళ్ల క్రితం ఒక ప్రయోగ క్షేత్రంలో జొన్న వరుసలపై స్కానర్ నడుస్తుండగా, ఒక విద్యార్థి తన దత్తాంశంలో విచిత్రమైన విషయం గమనించాడు. ఒక వారంలో అన్ని వరుసలలోనూ మొక్కల ఎత్తు పెరుగుదల మందగించింది. లేత మొక్కలలో తేడా మరీ స్పష్టంగా ఉంది. నీరు సరిగానే ఇచ్చారు, పురుగు లేదు, వాతావరణం అనుకూలం. సలహా కోసం నా వద్దకు వచ్చినప్పుడు నేను కూడా మొదట వేరు మండలంలో ఉష్ణోగ్రత గురించే ఆలోచించాను. ఆ విషయంపై అతడు ఒక అధ్యాయం దాదాపు రాసి ముగించాడు కూడా. చివరకు కారణం ప్రామాణిక పలక మీద దొరికింది. కుమ్మరి పురుగు ఒకటి ఆ పలక మూలన మట్టితో చక్కని గూడు కట్టుకున్నది. స్కానర్ సాఫ్ట్‌వేర్ ప్రతి ఉదయం పలక ఎత్తును సగటున కొలిచి, అది ఉండవలసిన ఎత్తుతో పోల్చి, తేడాను ఆనాటి కొలతలన్నిటినుంచి తీసివేసేది. గూడువల్ల పలక సగటు ఎత్తు కొన్ని మిల్లీమీటర్లు పెరిగింది. యంత్రం నిష్ఠగా పొలమంతటినీ ఆ కొన్ని మిల్లీమీటర్లు దించింది. గూటిని తొలగించడం క్షణంలో పని. కాని సాఫ్ట్‌వేర్ సవరించిన విలువలనే దాచింది, సవరణకు ముందున్న విలువలను పారవేసింది, ఏ రోజున ఎంత సవరించిందో ఎక్కడా రాయలేదు. గూడు ఎప్పుడు మొదలైందో, ఏ రోజుకు ఎంత ఎత్తుకు పెరిగిందో పురుగుకు తప్ప ఎవరికీ తెలియదు. అతడి దత్తాంశంలో ఆ వారాలను వదులుకోవలసి వచ్చింది. తరువాతి పంటకాలం దాకా ఆగి ప్రయోగాన్ని మళ్లీ పెట్టాడు.

క్రమాంకనం లేకపోయి ఉంటే ఆ విద్యార్థికి ఈ నష్టం జరిగేది కాదని గమనించాలి. ఆ స్కానర్ ఆ వారంలో ఏమీ జారలేదు. దిద్దబోయి చెడగొట్టినది దిద్దుబాటే. దీనినుంచి స్వయంచాలిత క్రమాంకనం వద్దనే నిర్ణయానికి వచ్చినవారూ ఉన్నారు. నేను ఆ పక్షం కాదు. అక్కడ జరిగినది క్రమాంకనమే కాదు. కొలతల శాస్త్రానికి అంతర్జాతీయంగా అంగీకరించిన పదకోశం ఈ తేడాను స్పష్టంగానే చెప్పింది. తెలిసిన ప్రమాణంతో పరికరం సూచనను పోల్చి, వాటి మధ్య సంబంధాన్ని అనిశ్చితత్వంతో సహా నిర్ధారించడం క్రమాంకనం. పరికరాన్ని తిప్పి సరిచేయడం సర్దుబాటు. ఈ రెండింటినీ కలగలపరాదని, సర్దుబాటును ‘స్వీయ క్రమాంకనం’ అనడం తరచుగా జరిగే పొరపాటని ఆ పదకోశమే హెచ్చరిస్తున్నది. తక్కెడ ఎత్తి ముల్లు చూడడం ఒక పని, పాసంగం వేయడం మరొక పని. మొదటిది ప్రతి తూకానికీ ముందు జరగాలి. రెండవది అందరూ చూస్తుండగా జరగాలి. మన స్కానర్లు రెండింటినీ ఒకే క్షణంలో, చీకటిలో చేస్తున్నాయి.

కాబట్టి పోల్చడాన్ని పూర్తిగా యంత్రానికి వదిలివేయవచ్చు, వదలాలి కూడా. మనిషి రోజుకు నాలుగుసార్లు దిమ్మెను కొలిచి రాయడం మూడవ రోజున మానేస్తాడు, యంత్రం మానదు. ప్రయాణం మొదట ఒకసారి, చివర ఒకసారి దిమ్మెను కొలిస్తే, ఆ మధ్యలో జరిగిన జారుడు కూడా బయటపడుతుంది. ఆ విలువలను కాలక్రమంలో ఒక నియంత్రణ పటంపై ఉంచాలి. 1924లో బెల్ సంస్థ ఇంజనీరు వాల్టర్ షూహార్ట్ కర్మాగారాల కోసం రూపొందించిన ఈ పటం మన గణాంక శాస్త్ర పాఠాలలో ఒక పుటతో సరిపెట్టుకుంటున్నది. విద్యార్థులకు విస్తరణ విశ్లేషణ నేర్పడానికి వెచ్చించే కాలంలో పదోవంతు దీనికి ఇచ్చినా పరికరాల పట్ల వారి దృష్టి మారుతుంది. విలువ హద్దుల లోపల ఊగుతుంటే అది పరికరం సహజ చాంచల్యం. హద్దు దాటినా, హద్దుల లోపలే ఒకే దిశగా వరుసగా జరుగుతూ పోయినా ఏదో మారిందని అర్థం. కుమ్మరి పురుగు గూడు ఇటువంటి పటంపై రెండు మూడు రోజులలోనే పట్టుబడి ఉండేది. నిన్నటిదాకా నిలకడగా ఉన్న విలువ ఒక మెట్టు ఎక్కి కూర్చున్నదంటే, వెళ్లి చూడాలన్న ఆలోచన ఎవరికైనా వస్తుంది.

సర్దుబాటు విషయంలో మాత్రం యంత్రం చేతికి పగ్గాలు ఇవ్వరాదు. కారణం కేవలం పురుగులు, దుమ్ము కాదు. హద్దుల లోపలి ప్రతి చిన్న తేడాకూ సర్దుబాటు చేయడం కొలతను మెరుగుపరచదు, చెడగొడుతుంది. డెమింగ్ గరాటు ప్రయోగంతో దీనిని బోధించేవాడు. ప్రతి కొలతలో కనిపించిన యాదృచ్ఛిక దోషాన్ని వెంటనే పూర్తిగా సవరిస్తూ పోతే, తరువాతి కొలతలో దాని సొంత దోషంతోపాటు మనం చేసిన అనవసర సవరణ కూడా చేరుతుంది. ఫలితంగా విస్తృతి రెట్టింపు అవుతుంది, ప్రామాణిక విచలనం 1.41 రెట్లు పెరుగుతుంది. రోజూ తనను తాను దిద్దుకుంటున్నదని మనం మెచ్చుకునే యంత్రం, దిద్దుకోకుండా ఉన్నప్పటికంటె అస్థిరంగా ఉండవచ్చునన్నమాట. హద్దు దాటేంతవరకు ముట్టుకోకపోవడం, దాటినప్పుడు ఆపి చూడడం, చూసి కారణం తెలుసుకున్న తరువాత సర్దుబాటు చేయడం, చేసిన తేదీని, పరిమాణాన్ని, చేసినవారి పేరును రాయడం సరైన పద్ధతి. సవరణకు ముందున్న ముడి విలువలను ఎప్పటికీ చెరపరాదు. నిల్వకు చోటు చాలదనే సాకు నేటి ధరలకు నిలబడదు.

ప్రామాణిక దిమ్మె కూడా దైవం కాదు. ఎండకు పూత పెళుసెక్కుతుంది, వానకు మరక పడుతుంది, తొండ ఒకటి దానిమీద ఎండకాగుతుంది. అందుకే రెండవ దిమ్మె ఒకటి తాళం వేసిన పెట్టెలో ఉండాలి. ఆరు నెలలకొకసారి దానిని తెచ్చి, క్షేత్రంలోని దిమ్మె పక్కన ఉంచి, ఒకే ప్రయాణంలో రెండింటినీ కొలవాలి. ఇది మనిషి చేయవలసిన పని. దీనిని కూడా స్వయంచాలితం చేయాలన్న ఉబలాటం అక్కరలేదు.

ఇక నేను తరచుగా వినే అభ్యంతరం ఒకటి. ‘మాకు కావలసినది జన్యురూపాల మధ్య పోలిక మాత్రమే. దోషం అందరికీ సమానమైతే పోలిక చెడదు కదా?’ ఒకే స్కానర్, ఒకే ప్రయాణం, ఒకే వయసు మొక్కలు అయినంతవరకు ఇది చాలావరకు నిజం. కాని మనం ఆ హద్దులో ఆగుతున్నామా? పెరుగుదల రేటు కావాలంటే వేరువేరు రోజుల కొలతలను తీసివేయాలి. ఎత్తులో 5 మి.మీ. స్థిరదోషం మీటరు ఎత్తు మొక్కలో అర శాతం; 5 సెం.మీ. మొలకలో పది శాతం. తొలిదశ చురుకుదనం కోసం ఎంపిక చేసేవారు ఈ పది శాతంలోనే వంగడాలను వడపోస్తున్నారు. పొడవులో ఒక శాతం దోషం విస్తీర్ణంలో రెండు శాతమవుతుంది. క్షేత్రాన్ని రెండు స్కానర్లు పంచుకుంటే, వాటి మధ్య తేడా బ్లాకుల మధ్య తేడాగా కనిపిస్తుంది. ఒక వంగడం పునరావృతాలన్నీ ఒకే స్కానర్ కిందికి వస్తే స్కానర్ తేడా వంగడం గుణంగా నమోదవుతుంది. పునరావృతాలు యాదృచ్ఛిక దోషాన్ని తగ్గిస్తాయేగాని క్రమబద్ధ దోషాన్ని ముట్టుకోవు. నాలుగుకు బదులు నలభై పునరావృతాలు పెట్టినా తప్పు అంతే ఉంటుంది. తప్పు మీద మన నమ్మకం మాత్రం పెరుగుతుంది.

ఈ సందర్భంలోనే సహసంబంధ వర్గం గురించి ఒక మాట. లీజీస్కాన్‌ను పరిచయం చేస్తూ విన్సెంట్ వాదెజ్, సహచరులు 2015లో ‘జర్నల్ ఆఫ్ ఎక్స్‌పెరిమెంటల్ బోటనీ’లో ప్రచురించిన పత్రంలో, విడి మొక్కలలో స్కానర్ చెప్పిన ఆకు విస్తీర్ణానికి, కోసి కొలిచిన విస్తీర్ణానికి మధ్య ఆర్-స్క్వేర్ విలువ వివిధ పంటలలో 0.86నుంచి 0.94 దాకా ఉన్నదని చూపారు. కొత్త పద్ధతి పనిచేస్తుందని చూపడానికి అది తగిన ఆధారం. అయితే మన విద్యార్థులు ఇటువంటి సంఖ్యను క్రమాంకన ధ్రువపత్రంగా చదవడం నేను పదేపదే చూశాను. ఆర్-స్క్వేర్ రెండు కొలతలు కలిసి నడుస్తున్నాయని చెబుతుంది. సమానంగా ఉన్నాయని చెప్పదు. ప్రతి ఆకునూ పది శాతం తక్కువగా చూపే స్కానర్‌కు కూడా అదే ఆర్-స్క్వేర్ వస్తుంది. పైగా ఒక పంటలో, ఒక కాలంలో, ఒక స్థితిలో ఉన్న స్కానర్‌తో వచ్చిన సమీకరణం మన క్షేత్రంలోని మన స్కానర్‌కు ఈ ఏడాది వర్తిస్తుందనడానికి హామీ లేదు. లోహపు దిమ్మె ఈ లోటును పూర్తిగా తీర్చదన్నదీ నిజం. ఆకులోకి వెలుగు కొంత చొచ్చుకుపోతుంది, పండుటాకు పచ్చని ఆకులా వెలుగును తిరిగి పంపదు, కింది ఆకులు పై ఆకుల చాటున దాగుతాయి. అందువల్ల ప్రతి పంటకాలంలోనూ కొన్ని మొక్కలను కోసి, ఆకులను పరచి కొలిచే పాత పని తప్పదు. దిమ్మె పరికరాన్ని పరీక్షిస్తుంది, కోత పద్ధతిని పరీక్షిస్తుంది. ఒకటి ఉన్నదని రెండవది మానడం తగదు.

విస్తరణ శాస్త్రవేత్తలు ఇదంతా పరిశోధన క్షేత్రాల గొడవ అనుకోనవసరం లేదు. వారి చేతిమీదుగా గ్రామాలకు చేరిన లేజర్ పరికరం ఒకటున్నది: పొలం చదును చేసే లేజర్ లెవెలర్. మడి గట్టున ముక్కాలి పీటపై తిరిగే లేజర్ ఒక సమతలాన్ని గీస్తుంది, ట్రాక్టరు వెనుక బకెట్‌పైనున్న గ్రాహకం ఆ తలాన్ని అనుసరించి మట్టిని కోస్తుంది, నింపుతుంది. ఈ లేజర్ పెట్టెలలో చాలావరకు ‘తనంతట తాను సమతలమయ్యేవి’. ఆ మాటను క్రమాంకనంగా అర్థం చేసుకోవడం సాధారణంగా జరుగుతున్నది. పెట్టె లోపలి మట్టసాధనం ఏది సమతలమని చెబితే యంత్రం దానినే నమ్ముతుంది. అద్దె ట్రాక్టరు వెనుక గతుకుల దారిలో ఎగిరెగిరిపడిన తరువాత ఆ సాధనమే ఒరిగి ఉంటే, యంత్రం ఎంతో నిష్ఠగా ఒరిగిన తలాన్ని గీస్తుంది. ఒక డిగ్రీలో అరవయ్యో వంతు వాలు వచ్చిందనుకుందాం. 100 మీటర్ల పొడవు మడిలో ఒక చివరకు, మరొక చివరకు 29 మి.మీ. తేడా వస్తుంది. సగటున 5 సెం.మీ. నీరు పెట్టాలనుకున్న రైతుకు ఒక గట్టువద్ద మూడున్నర, ఎదురుగట్టువద్ద ఆరున్నర సెంటీమీటర్లు నిలుస్తాయి. చదునుకు డబ్బు పోసిన తరువాత కూడా ఒక పక్క కలుపు లేస్తున్నదని అతడు అంటే, తప్పు అతడి నీటి యాజమాన్యంలో వెదుకుతాం.

దీనిని పట్టుకోవడానికి ఖరీదైన సాధనమేదీ అక్కరలేదు. గట్టి నేలపై పెట్టెను నిలిపి, అది కుదురుకున్న తరువాత, 50 మీటర్ల దూరంలో నిలువు కొలబద్దపై గ్రాహకంతో కిరణం ఎత్తును గుర్తించాలి. ముక్కాలి పీటను కదపకుండా పెట్టెను మాత్రమే అర చుట్టు తిప్పి, మళ్లీ కుదురుకోనిచ్చి, మళ్లీ గుర్తించాలి. రెండు గుర్తులూ ఒకేచోట పడితే ఆ అక్షంలో దోషం లేదు. పైన చెప్పినంత వాలు ఉంటే గుర్తుల మధ్య 29 మి.మీ. తేడా కనిపిస్తుంది, అందులో సగం ఆ దూరానికి పెట్టె దోషం. పావు చుట్టు తిప్పి రెండవ అక్షానికీ ఇలాగే చేయాలి. అరగంట పని. తిరిగే లేజర్ల క్షేత్ర పరీక్షకు ఐఎస్ఓ 17123 వరుసలో ఆరవ భాగం, నేలపై నిలిపే లేజర్ స్కానర్లకు తొమ్మిదవ భాగం ఉన్నాయి. అక్కడి పద్ధతి ఇంతకంటె విస్తృతం. కాని కృషి విజ్ఞాన కేంద్రం ఆవరణలో ఖరీఫ్‌కు ముందు మండలంలోని లెవెలర్లను పిలిపించి, ఈ అరగంట పరీక్షను చేసి, ఫలితాన్ని తేదీతో పెట్టెపైనే అతికిస్తే, రైతు దానిని కాటా ముద్రను చూసినట్లే చూస్తాడు. నా దృష్టిలో ఇది ఒక ప్రదర్శన క్షేత్రంకంటె ఎక్కువ మేలు చేస్తుంది.

కొనుగోళ్ల విషయానికి వస్తే, మన టెండరు పత్రాలలో ఖచ్చితత్వం ఎంత అని అడుగుతాం. అది ఎన్నాళ్లు, ఏ ఉష్ణోగ్రతల మధ్య నిలుస్తుంది, నిలిచిందని ఎలా తెలుస్తుంది అని అడగం. ముడి దత్తాంశం కొనుగోలుదారుకు దక్కాలి, ప్రతి సవరణ తేదీతో నమోదు కావాలి, సవరణను ఆపివేసే వీలు ఉండాలి అన్న మూడు షరతులు పత్రంలో చేర్చడానికి అదనపు ఖర్చు లేదు. చేర్చకపోతే తరువాత అడిగినప్పుడు అది కంపెనీ రహస్యమనే జవాబు వస్తుంది. వార్షిక నిర్వహణ ఒప్పందం కింద వచ్చే సాంకేతికుడు చాలాసార్లు లెన్సు తుడిచి, సాఫ్ట్‌వేర్ నవీకరించి, సంతకం తీసుకుని వెళ్తాడు. నవీకరణకు ముందు ఒకసారి, తరువాత ఒకసారి దిమ్మెను కొలిచి, రెండు విలువలూ ఆ కాగితంపై రాయించుకోకుండా సంతకం పెట్టరాదు. లెక్క మార్చిన సాఫ్ట్‌వేర్ కూడా కొత్త పరికరమే.

పరిశోధన గ్రంథాలలో సామగ్రి, పద్ధతుల అధ్యాయంలో స్కానర్ పేరు, నమూనా సంఖ్య, తయారీదారు దేశం రాసి ఊరుకుంటున్నాం. ప్రయోగ కాలమంతటికీ దిమ్మె నియంత్రణ పటం ఒక్కటి అనుబంధంలో చేర్చాలని మార్గదర్శకులు పట్టుబట్టాలి. ఈ పత్రికవంటి పత్రికలు కూడా లేజర్ కొలతలపై ఆధారపడిన వ్యాసాలనుంచి ఆ పటాన్ని కోరాలి. మొదటి సంవత్సరం కొన్ని వ్యాసాలు తగ్గవచ్చు. పటం హద్దు దాటిన రోజులు ఉన్న వ్యాసాన్ని తిరస్కరించాలని నేను అనడం లేదు. ఆ రోజులను దాచకుండా చూపి, వాటిని ఏమి చేశారో చెప్పిన వ్యాసాన్నే ఎక్కువగా నమ్ముతాను. జొన్న దత్తాంశం పోగొట్టుకున్న ఆ విద్యార్థి రెండవసారి సమర్పించిన గ్రంథంలో అటువంటి పటం ఉన్నది. అందులో ఒకచోట విలువ హద్దు దాటింది. పక్కనే అతడు తేదీ వేసి, ‘పలక కడిగితిమి, మట్టి మరక’ అని చేతితో రాసి పెట్టాడు.